దుబాసీ నోట ‘నేను’

ముప్పై ఒక్క ఏళ్ళుగా
లోవెల్ కోర్టులో నేను దొంగతనాలు చేశాను,
తాగి కారు నడిపాను,
పెళ్ళాం మీద చెయ్యి చేసుకున్నాను.
మర్నాడు ఆ పెళ్ళాన్నే అయి
‘కేసు వద్దయ్యా’ అని బతిమాలాను.

దుబాసీకి రూలు అది.
వాళ్ళు ‘నేను’ అంటే నేనూ ‘నేను’ అనాలి.
‘ఆవిడ ఏమంటోందంటే’ అని పక్కకి తప్పుకోకూడదు.
నా సొంత దాహం వేస్తే మాత్రం
‘దుబాసీ మంచినీళ్ళు అడుగుతున్నాడు’ అనాలి,
ఎవడో పక్కింటివాడి సంగతి చెప్పినట్టు.

మా ఖ్మేర్ భాషలో ‘నేను’ అనే మాటకి
పాత అర్థం సేవకుడు.
ఇంగ్లీషులో ఆ మాట ఒంటి అక్షరం,
నిటారుగా నిలబడుతుంది.
రోజంతా ఈ వంగిన మాటని ఎత్తి
ఆ నిలువు మాట పక్కన నిలబెట్టడం నా కొలువు.
నడుం నొప్పి నాలుకకీ వస్తుందని
డాక్టరుకి చెబితే నవ్వాడు.

గోడ మీద పటాల్లో జడ్జీలు.
ఒక్కడికీ మా పినతండ్రి ముక్కు లేదు.
మేం ఈ గదిలోకి వచ్చేది
బోనులోకో, చీపురుతోనో, నాలా నాలుకతోనో.

ఇవాళ జనవరి. మూడో నంబరు గది.
యాయ్ రిన్, డెబ్భై నాలుగేళ్ళు,
నేలమాళిగలో హీటరు లేకుండా పంతొమ్మిది రాత్రులు.
అద్దె కట్టనంది. ఖాళీ చెయ్యమన్నారు.
ఆమె తరఫున సోఫారీ కెయో,
బూట్ల మంచు ఇంకా కరగలేదు,
చంకలో ఫైళ్ళు, జుట్టులో పెన్ను.

సోఫారీది అమెరికా ఖ్మేర్.
‘చలేసిందా అమ్మమ్మా’ అనబోయి
‘చల్లారిపోయావా అమ్మమ్మా’ అంది.
‘ఇంకా లేదు తల్లీ, వాయిదా అయ్యాక చూద్దాం’ అంది ముసలమ్మ.
దిద్దాలని నా నాలుక దురద పెట్టింది.
దిద్దడం రూల్లో లేదు.

ఇక్కడ ప్లీడర్లకి నల్లగౌన్లుండవు,
మొహం చూసే పోల్చుకుంటారు.
గుమాస్తా ప్రమాణం కార్డు తెచ్చి
తిన్నగా ఆ పిల్ల చేతిలో పెట్టాడు:
‘దుబాసీ గారూ, ఇలా నిలబడండి.’

ఆ పిల్ల కోపగించుకోలేదు.
కోపానికి ఎంత ఖరీదో లెక్క తెలిసిన పిల్ల.
కార్డు అటూ ఇటూ తిప్పి చూసి
‘నేను ప్లీడర్ని,’ అంది, ‘దుబాసీ ఎవరూ?’

గదంతా వెతికింది.
నా గొంతు నాకే కొత్తగా
‘నేను’ అన్నాను.

ఎవరి తరఫున అని అడగలేదు ఎవరూ.
స్టెనో వేళ్ళు టకటకలాడాయి.
ఎక్కే ఉంటుంది రికార్డులోకి,
నేరం లేని ఒక ‘నేను’.

తర్వాత జరిగింది మామూలే.
సోఫారీ పేరుని జడ్జిగారు మూడు రకాలుగా విరిచారు.
హీటరు చూసి రమ్మని ఎవరినో పురమాయించి
వచ్చే గురువారానికి వేశారు.
యాయ్ రిన్ రెండు స్వెట్టర్ల మీద మూడోది తొడుక్కుంది.

వరండాలో పిల్ల నన్ను ఆపింది.
‘బాబాయ్, చలికి సరైన మాటేది?’
చెప్పాను. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంది.
రాస్తూ, తల ఎత్తకుండానే అంది:
‘నాకు తొమ్మిదేళ్ళప్పుడు
మా నాన్న కేసులో నేరం ఒప్పుకున్నది మీరే కదూ?’

జ్ఞాపకం రాలేదు. ఎంతమంది నాన్నలని.
ఆ బెంచీ మాత్రం గుర్తొచ్చింది,
బెంచీ మీద నేలకందని రెండు కాళ్ళు.

‘ఆయన నిజంగా అలాగే అన్నాడా?’

‘అన్నది అన్నట్టే చెప్పాను తల్లీ,
ఒక్క మాట పోనివ్వలేదు.
గొంతు వణికి ఉంటే మాత్రం,
ఆ వణుకు ఇవతలికి తేలేదు.
దానికి రూలు లేదు.’

పెన్ను మళ్ళీ జుట్టులో గుచ్చుకుంది.
లోపల ఇంకెవరి కేసో పిలుస్తున్నారు.
ఇద్దరం ఒకేసారి లేచాం.